లామినైటిస్ వచ్చిన పోనీ: బరువు సరిపోయిందని ఎట్లా తెలుసుకోవాలి?

స్వారీబడి_హన్మకొండ
పిల్లలకు స్వారీ నేర్పడానికి మా దగ్గర ఒక ఆడ పోనీ (పొట్టి జాతి గుర్రం) ఉంది, పేరు చుక్క. పదకొండేళ్లు, ఎత్తు 12 హ్యాండ్లు, అంటే 122 సెంటీమీటర్లు. పోయిన ఏడాది ఆషాఢంలో ముందు కాళ్లు రెండూ పట్టేసి, బరువంతా వెనక్కి వేసి నిలబడిపోయింది. లామినైటిస్ అన్నారు, అంటే గిట్ట లోపలి పొరలు వాచే జబ్బు. మందులు వాడి, మెత్తటి ఇసుక పరిచి ఉంచితే రెండు నెలలకు కోలుకుంది. చూసిన డాక్టర్ "బరువు తగ్గించకపోతే మళ్లీ వస్తుంది" అని చెప్పి వెళ్లారు.

ఎంత తగ్గించాలో, ఎక్కడ ఆపాలో మాత్రం తెలియట్లేదు. చూసినవాళ్లు తలో మాట అంటున్నారు. పక్కింటాయన "ఎండిపోయింది, ఉలవలు పెట్టమ్మా" అంటాడు. నాడాలు కొట్టే అతను "ఇంకా లావే" అన్నాడు. పక్కటెముకలు కంటికి కనబడవు, కడుపేమో కిందికి వేలాడుతుంది. మొన్న ట్రాలీ ఆటోలో ఎక్కించి ఎనుమాముల దగ్గర వే బ్రిడ్జి మీద తూకం వేయిస్తే 220 కిలోలు వచ్చింది. ఇంటికొచ్చి టేపుతో కొలిచి లెక్క కడితే 239. ఏది నమ్మాలి? అసలు 12 హ్యాండ్ల పోనీ ఎన్ని కిలోలుండాలి? వానలు మొదలయ్యాయి, ఎక్కడ చూసినా పచ్చగడ్డి. పొద్దున లేవగానే దాని గిట్టలు తాకి చూసేదాకా టెన్షన్ తగ్గట్లేదు.

పెళ్లిగుర్రం_కరీమాబాద్
220 ఏం ఎక్కువ కాదమ్మా. ముప్పై ఏళ్లుగా బరాత్ గుర్రాలు పెంచుతున్నాం. గుర్రం గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉండాలి. బొక్కలు తేలిన గుర్రాన్ని చూసి పెళ్లివాళ్లు అడ్వాన్స్ ఇస్తారా? కడుపు వేలాడుతుందంటే నట్టలుండొచ్చు, ముందు ఆ మందు వేయించు.

కాజీపేట_కుర్రాడు
అక్కా, టేపు లెక్క ఏ సూత్రంతో కట్టారు? ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగించే సూత్రమేనా? మీ కొలతలు రెండూ ఇక్కడ రాయండి. 19 కిలోల తేడా అంటే ఎక్కడో కొలత తప్పింది.

స్వారీబడి_హన్మకొండ
అదే సూత్రం తమ్ముడూ. చుట్టుకొలత 145, పొడవు 135 సెంటీమీటర్లు. రొమ్ము ముందు నుంచి తోక చివరి వెంట్రుకలు వదిలేసి, తోక మొదలు దాటి కొంచెం కింది వరకు పెట్టాను.

కాజీపేట_కుర్రాడు
అక్కడే తేడా వచ్చింది. టేపు రొమ్ము మధ్య నుంచి కాదు, పక్కకు వచ్చి భుజం మొన దగ్గర నుంచి పెట్టాలి. వెనక పిరుదు ఎముక మొన దగ్గర ఆపాలి. టేపు పొట్ట వంపు మీదుగా పోకుండా బిగుతుగా, తిన్నగా ఉండాలి. ఒకరు ముందు, ఒకరు వెనక పట్టుకోండి. చుట్టుకొలత మాత్రం మోచేతి వెనక నుంచి మూపు మీదుగా, ఊపిరి వదిలినప్పుడు చూడాలి.

స్వారీబడి_హన్మకొండ
మా అబ్బాయిని పట్టుకోమని మళ్లీ కొలిచాను. పొడవు 122 వచ్చింది. లెక్క 216 కిలోలు. ఇప్పుడు వే బ్రిడ్జికి దగ్గరగా ఉంది. చాలా థ్యాంక్స్ తమ్ముడూ.

జమ్మికుంట_రైతు
వే బ్రిడ్జి లారీల కోసం పెట్టింది. మా దగ్గరున్నది పది కిలోల మెట్లలో చూపిస్తుంది. 216 ఉన్నా 220 అనే అంటది, 224 ఉన్నా అదే. పత్తి బస్తా తూకానికి ఆ తేడా లెక్కలోకి రాదు గాని పోనీకి నెల రోజుల కష్టం అందులో కొట్టుకుపోతుంది.

పశువైద్యం_జగిత్యాల
కొలతలు బాగా తీశారు, జమ్మికుంట అన్న చెప్పిన మెట్ల సంగతి కూడా నిజమే. ఇక అసలు ప్రశ్న, ఎన్ని కిలోలుండాలి అనేది. 12 హ్యాండ్ల పోనీకి ఇంత అని ఒక అంకె లేదు. సన్నటి ఎముకల దేశవాళీ టట్టుకు 190 సరిపోతుంది. అదే ఎత్తులో వెడల్పు ఛాతీ, లావు కాళ్లు ఉన్న పోనీకి 240 కూడా ఎక్కువ కాదు. నిన్నటి చుక్కకు, ఇవాళ్టి చుక్కకు తేడా చూడటానికే కిలోలు పనికొస్తాయి. కొవ్వు ఎంత ఉందో చెప్పాల్సింది చెయ్యి.

కళ్లతో చూడకండి. వెంట్రుక మందంగా ఉంటే కన్ను మోసపోతుంది, వేలాడే కడుపు ఇంకా మోసం చేస్తుంది. పీచు ఎక్కువున్న గడ్డి తింటే పేగులో గడ్డి, నీళ్లు నిండి కడుపు దిగుతుంది. దానికీ కొవ్వుకూ సంబంధం లేదు. నట్టలు కూడా కారణం కావచ్చు, కరీమాబాద్ అన్న చెప్పింది కొట్టిపారేయను. పేడ పరీక్ష చేయించి మందు వేయండి.

చేత్తో ఆరు చోట్ల చూడండి: మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు. అమెరికాలోని టెక్సాస్‌లో హెన్నెకి అనే పరిశోధకుడు 1983లో ఈ ఆరు చోట్లతోనే 1 నుంచి 9 దాకా మార్కుల పద్ధతి పెట్టారు. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే విపరీతమైన కొవ్వు. మామూలు గుర్రానికి 5 బాగుంటుంది. ఒకసారి లామినైటిస్ వచ్చిన పోనీని నేనైతే 4.5, 5 మధ్యనే ఉంచమంటాను.

పక్కటెముకలకు ఒక సులువు చెప్తాను. మీ చెయ్యి పిడికిలి బిగించండి. వేళ్ల కణుపుల మీద రెండో చేతి వేళ్లు ఆడించండి. పక్కటెముకలు అట్లా గరుకుగా తగిలితే బక్కచిక్కింది. పిడికిలి విప్పి చేతి వెనక భాగం మీద వేళ్లు ఆడించండి. ఎముక కొంచెం తెలుస్తూ, పైన పలుచటి పొర ఉన్నట్టు తగిలితే సరిగ్గా ఉంది. ఇప్పుడు అరచెయ్యి వదులుగా పెట్టి బొటనవేలి కింద కండ నొక్కండి. అట్లా మెత్తగా ఉండి, ఎముక కోసం వెతుక్కోవాల్సి వస్తే లావు.

స్వారీబడి_హన్మకొండ
డాక్టరమ్మా, ఇప్పుడే వెళ్లి చూశాను. పక్కటెముకలు నొక్కితే గాని తెలియట్లేదు. తోక మొదట్లో స్పాంజిలా ఉంది. మెడ మీద జూలు కింద గట్టు గట్టిగా ఉంది, పట్టుకుంటే గుప్పిట నిండింది. అంటే 7 అనుకోవాలా?

పశువైద్యం_జగిత్యాల
చూడకుండా మార్కు వేయలేను గాని మీరు రాసినదాన్ని బట్టి 6.5, 7 దగ్గర ఉండొచ్చు. నాకు ఎక్కువ భయం ఆ జూలు గట్టు గురించే. దానికి 2009లో విడిగా 0 నుంచి 5 దాకా మార్కులు పెట్టారు. గట్టు కనిపిస్తున్నా ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ వంచగలిగితే 2. గుప్పిట నిండి, మధ్యలో ఉబ్బి, వంగడం తగ్గితే 3. చేతికి పట్టనంత ఉండి, ముడతలు పడితే 4. ఒక పక్కకు వాలిపోతే 5. మూడు, ఆ పైన ఉన్నవాటిలో ఇన్సులిన్ గడబిడ ఉండే అవకాశం ఎక్కువ.

ఇన్సులిన్‌కూ గిట్టకూ ఏం సంబంధమని అడుగుతారు. 2007లో ఆస్ట్రేలియాలో ఆరోగ్యంగా ఉన్న పోనీలకు మూడు రోజులు ఇన్సులిన్ ఎక్కించి చూస్తే అవన్నీ లామినైటిస్ బారిన పడ్డాయి. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పొరలు రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు సాగి వదులవుతాయి. కొవ్వు పట్టిన పోనీకి కాస్త తీపి గడ్డి తిన్నా ఇన్సులిన్ విపరీతంగా పెరుగుతుంది. బరువు తగ్గించమనేది అందుకే. కాళ్ల మీద భారం తగ్గడం తర్వాతి సంగతి.

మానేరు_గట్టు
గట్టు మాట అందరికీ వర్తించదు. మాది మగ గుర్రం, రెండేళ్ల వయసు నుంచీ దాని మెడ అట్లాగే ఉబ్బి ఉంది. ఒక్కరోజు కుంటలేదు.

పశువైద్యం_జగిత్యాల
నిజమే, విత్తనాలు తీయని మగ గుర్రానికి మెడ సహజంగానే బలుస్తుంది. దానికి మెడ వదిలేసి తోక మొదలు, భుజం వెనక, పక్కటెముకలు చూడండి. కళ్ల పైన గుంటలు కూడా చూడండి. అవి నిండి ఉబ్బి కనిపిస్తే ఒంట్లో కొవ్వు పేరుకుంటోందని అనుమానించాలి.

నాడాలపని
గిట్టలు చెక్కేది మేము, మాకు కనబడేది చెప్తా. గిట్ట గోడ మీద గీతల్లాంటి వలయాలు ఉంటయి. కాలం మారినప్పుడు, మేత మారినప్పుడు వచ్చే వలయాలు ముందు నుంచి మడమ దాకా ఒకే ఎడంతో పోతయి. ముందు దగ్గరదగ్గరగా ఉండి, మడమ దగ్గర వెడల్పయితే ఆ గిట్ట లోపల జబ్బు నడిచిపోయిందన్నట్టే. గిట్ట కింద తెల్లగీత సన్నగా ఉండాలి. అది వెడల్పయి, అందులో ఎర్రటి రక్తపు మరక కనిపిస్తే నేను వెంటనే ఓనర్‌కు చూపిస్తా. కుంటక ముందే ఇవి కనబడతయి. హన్మకొండ అక్కా, చుక్క వలయాలు ఒకసారి ఫొటో తీసి పెట్టు.

పెళ్లిగుర్రం_కరీమాబాద్
అన్నీ విన్న. ఒక్కటే అడుగుతా. మా తాత టాంగా గుర్రానికి రోజూ ఉలవ గుగ్గిళ్లు పెట్టిండు. ఇంగ్లిషులో ఉలవ పేరులోనే గుర్రం ఉందంటారు. ఆ గుర్రాలకు ఈ జబ్బులు ఎందుకు రాలే?

పశువైద్యం_జగిత్యాల
మీ తాతగారి గుర్రం స్టేషన్‌కూ బస్టాండ్‌కూ మధ్య రోజంతా బండి లాగింది కదా అన్నా. తిన్నది తిన్నట్టు కరిగిపోయేది. చుక్క సాయంత్రం గంటసేపు పిల్లల్ని ఎక్కించుకుని నెమ్మదిగా నడుస్తుంది. ఉలవను నేను తప్పుపట్టను. పని లేని ఒంటికి గింజ అక్కర్లేదు అంటున్నా.

జమ్మికుంట_రైతు
గింజ సంగతి నేను చెప్పాలె. రెండేళ్ల కింద యాసంగి మక్కలు రోడ్డు మీద ఆరబోసినం. రాత్రి కట్టు తెంపుకుని మా గుర్రం కుప్ప మీద పడ్డది. ఎంత తిన్నదో తెలవదు. పొద్దున మంచిగనే ఉంది కదా అని ఊరుకున్నం. మర్నాడు రాత్రికి గిట్టలు పొయ్యిలా కాలుతున్నయి, అడుగు తీసి అడుగు వేయలేదు. లావుగా లేకున్నా వస్తదని అప్పుడు తెలిసింది. బతికింది గాని ఇప్పటికీ రాళ్ల మీద నడవదు.

పశువైద్యం_జగిత్యాల
అది వేరే దారిలో వచ్చే లామినైటిస్. ఒక్కసారిగా గింజ తింటే అరగని పిండి పెద్ద పేగులోకి పోయి పులుస్తుంది, అక్కడి విషాలు రక్తంలో కలుస్తాయి. బయటికి ఒకటి, రెండు రోజులు ఏమీ కనబడకపోవచ్చు. గింజ తిన్నదని తెలిసిన క్షణమే డాక్టర్‌ను పిలవాలి. పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ చేయండి, మామునూరు వెటర్నరీ కాలేజీ దగ్గరున్నవాళ్లు అక్కడికి తీసుకెళ్లండి. వాళ్లు వచ్చేదాకా గిట్టలను ఐసు నీళ్లలో ఉంచండి. మొదటి రెండు మూడు రోజులు ఆ చల్లదనమే గిట్టను కాపాడుతుంది.

నిర్మల్_అక్క
బరువు తగ్గించే మాట వచ్చింది కాబట్టి నా బాధ చెప్పుకుంటాను. ఎవరూ నాలా చేయకూడదు. మా పోనీ చూడిది, లావు. గిట్టలు వేడిగా ఉన్నాయని భయపడి మేత మొత్తం ఆపేశాను, మూడు రోజులు నీళ్లే. నాలుగో రోజు తల వేలాడేసింది, ఏమీ ముట్టలేదు. డాక్టర్ రక్తం తీస్తే సీసాలో పైన పాలలా తేలింది. ఒంట్లో కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి కాలేయం చెడిపోయిందన్నారు. రెండు రోజులకు పోయింది, కడుపులో పిల్లతో సహా. తగ్గించండి, కానీ పస్తు పెట్టకండి.

స్వారీబడి_హన్మకొండ
అక్కా, చదువుతుంటే చెయ్యి వణికింది. చెప్పినందుకు మీకు రుణపడి ఉంటాను. నేను కూడా రాత్రి మేత మానేద్దామా అనుకుంటున్నాను ఈ వారం.

పశువైద్యం_జగిత్యాల
నిర్మల్ అక్క చెప్పింది పెద్ద అక్షరాలతో రాసి కొట్టం గోడకు అంటించాలి. పోనీలు, గాడిదలు ఆకలికి అట్లా దెబ్బతింటాయి. చూడివి, లావుగా ఉన్నవి మరీను.

తగ్గించే లెక్క చెప్తాను. నీరు తీసేస్తే మిగిలే మేత రోజుకు ఒంటి బరువులో వందకు ఒకటిన్నర వంతు ఉండాలి. 216 కిలోలకు 3.24 కిలోలు. ఎండుగడ్డిలో కూడా పదో వంతు తేమ ఉంటుంది కాబట్టి తూకంలో 3.6 కిలోలు వేయండి. గుప్పెళ్ల లెక్క వద్దు, స్ప్రింగ్ కాటా కొనండి. నాలుగైదు సార్లుగా పంచండి, రాత్రికి ఎక్కువ భాగం ఉంచండి. డాక్టర్ చూడకుండా ఇంతకంటే తగ్గించొద్దు. వారానికి ఒంటి బరువులో వందకు అర నుంచి ఒక వంతు తగ్గితే చాలు, చుక్కకు ఒకటి నుంచి రెండు కిలోలు. పది కిలోల మెట్ల వే బ్రిడ్జికి అది నెల దాటినా కనబడకపోవచ్చు. అందుకే టేపు, చెయ్యి.

గడ్డిని అరగంట నుంచి గంట నానబెట్టి నీళ్లు పారబోస్తే తీపి కొంత పోతుంది. నానకముందే తూకం వేయండి. మన ఎండకు గంట దాటితే పులుస్తుంది, జాగ్రత్త.

జమ్మికుంట_రైతు
మా దగ్గర జొన్నచొప్ప, వరిగడ్డే. ఏది వేయాలి?

పశువైద్యం_జగిత్యాల
తీపి జొన్న కాడలు వద్దు, నమిలితే మీకే తెలుస్తుంది. లేత జొన్న విషమని మీకు చెప్పక్కర్లేదు. వరిగడ్డిలో తీపి తక్కువ, అయితే బలమూ తక్కువే. మేతలో సగం దాకా కలపొచ్చు, పది రోజులు తీసుకుని మెల్లగా పెంచండి. నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి, లేకపోతే పేగులో ఉండకట్టి నొప్పి వస్తుంది. రోజుకింత ఉప్పు, గుర్రాలకు పనికొచ్చే మినరల్ మిక్చర్ ఇవ్వండి. తవుడు ఎక్కువ పెట్టకండి. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, ఎముకలు మెత్తబడతాయి. పాడి పశువుల దాణా మాత్రం ముట్టించొద్దు. కొన్నింటిలో యూరియా, మోనెన్సిన్ అనే మందు ఉంటాయి. మోనెన్సిన్ గుర్రం గుండెను ఆపేస్తుంది.

మానేరు_గట్టు
పచ్చగడ్డి మీద ఎప్పుడు విడవాలి? నెట్‌లో చల్లటి దేశాల వాళ్లు రాసినవి మనకు కుదురుతాయా?

పశువైద్యం_జగిత్యాల
పూర్తిగా కుదరవు. వాళ్ల గడ్డిలో ఫ్రక్టాన్ అనే ఒక రకం చక్కెర పేరుకుంటుంది. మన గరిక, నేపియర్ లాంటివి ఎక్కువగా పిండి, చక్కెర దాచుకుంటాయి. అయినా ఎండలో చక్కెర తయారవడం ఎక్కడైనా ఒకటే. సాయంత్రానికి ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. విడిస్తే చీకటితో విడిచి, ఎండ ముదరకముందే కట్టేయండి. గట్టు గట్టిగా ఉన్నన్నాళ్లు చుక్కను అసలు విడవకపోవడమే మంచిది.

జమ్మికుంట_రైతు
గుంటుక తోలేటప్పుడు ఎడ్ల మూతికి చిక్కం కడతం కదా. దాన్నే కొంచెం వదులుగా అల్లి, అడుగున రెండు వేళ్లు పట్టేంత సందు పెట్టి మా దానికి కట్టిన. నీళ్లు తాగుతది, గడ్డి పోచ పోచగా అందుతది. మొదటి రోజు నా మీద అలిగి ముఖం తిప్పుకుంది, మూడో రోజుకు తానే మూతి చాపింది.

కాజీపేట_కుర్రాడు
ఆ చిక్కం ఫొటో పెట్టన్నా, మా ఫ్రెండ్ వాళ్లకు అల్లిస్తా.

మానేరు_గట్టు
ఇంకో సంగతి. మా ముసలి ఆడ పోనీకి ఇరవై రెండేళ్లు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, వెన్ను తేలింది. బక్కగా ఉంది కదా, దీనికి లామినైటిస్ భయం లేదనుకోవచ్చా? ఏప్రిల్ ఎండల్లో కూడా దాని బొచ్చు రాలలేదు, ఉంగరాలు తిరిగి ఉంది.

పశువైద్యం_జగిత్యాల
అన్నా, ఆ బొచ్చు మాట విని ఉలిక్కిపడ్డాను. ముసలి గుర్రానికి వేసవిలో బొచ్చు రాలకపోవడం, వెన్ను కండ కరగడం కుషింగ్స్ లక్షణాలు. మెదడు కింద గ్రంథి జబ్బు అది. బక్కగా ఉన్నా జూలు గట్టు, కళ్ల పైన కొవ్వు ఉండొచ్చు, లామినైటిస్ కూడా రావొచ్చు. ఎసిటిహెచ్ రక్త పరీక్ష చేయించండి, రోజూ వేసే మాత్ర ఉంది. ఇలాంటిదానికి మేత తగ్గిస్తే ఉన్న కండ కూడా పోతుంది. పక్కటెముకలు ఒక్కటే చూసి నిర్ణయిస్తే ఇక్కడే దెబ్బతింటాం.

పెళ్లిగుర్రం_కరీమాబాద్
రెండు రోజులు ఏం రాయలే. మా నాలుగింటినీ చేత్తో చూసిన. మూడు బాగున్నయి. తెల్లదాని గట్టు రాయిలా ఉంది, వంగదు. నాడాలపని తమ్ముడు చెప్పిన వలయాలు మడమ దగ్గర వెడల్పు ఉన్నయి. ఇన్నాళ్లూ అది సోకు అనుకున్న.

కూసుండి ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢంలో ఉండవు. పని ఉండదు, గుర్రం కొట్టంలోనే. అప్పుడే వానలు, పచ్చగడ్డి కోసుకొచ్చి ముందర పోస్తం. శ్రావణం వచ్చేసరికి బలిసి ఉంటది. బరాత్‌లో చుట్టాలు లడ్డూలు, బెల్లం ముక్కలు నోటికి పెడతరు, పెళ్లికొడుకు గుర్రం అని వద్దనలేం. మా దగ్గర కాళ్లు పట్టేసినవన్నీ శ్రావణంలోనే. ఇది తాతల నాటి నుంచి చూస్తున్నదే గాని ముడి వేసి చూడలే.

నాడాలపని
అన్నా, నేను చెక్కే వాటిలో కూడా శ్రావణ భాద్రపదాల్లోనే ఎక్కువ. నువ్వు చెప్పేదాకా నాకు కూడా ముడి పడలే.

పశువైద్యం_జగిత్యాల
కరీమాబాద్ అన్నా, నోటికి పెట్టేవాళ్లను ఆపడానికి కళ్లేనికి చిన్న అట్ట కట్టండి, "నాకు తీపి పడదు" అని రాసి. పిల్లలు చదివి వాళ్లే కాపలా కాస్తారు. ఆషాఢంలో కుంటు లేని వాటిని రోజూ గంటసేపు తిప్పండి. తెల్లదాన్ని ముందు డాక్టర్‌కు చూపించాకే నడిపించండి.

పెళ్లిగుర్రం_కరీమాబాద్
అట్లనే డాక్టరమ్మా. పనిలో ఉన్న వాటికి ఉలవలు మాత్రం మాననియ్యను.

పశువైద్యం_జగిత్యాల
పని చేసి చెమట పట్టినవాటికి కొంచెం పెట్టండి, గొడవ లేదు.

స్వారీబడి_హన్మకొండ
ఎనిమిది వారాలైంది. కాజీపేట తమ్ముడు చెప్పిన పద్ధతిలోనే ప్రతి రెండో ఆదివారం పొద్దున, మేత వేయకముందు కొలిచాం. దర్జీ టేపు 150 సెంటీమీటర్లే, పొట్ట చుట్టుకు చాలలేదు. సుతిలి తాడు చుట్టి, ముడి వేసి, నేల మీద పరిచి కొలిచాం. ఛాతీ 145 నుంచి 141కి వచ్చింది. లెక్క 204 కిలోలు. పొట్ట 168 నుంచి 161. వే బ్రిడ్జి మీద 200 చూపించింది. పక్కటెముకలు ఇప్పుడు చేతి వెనక భాగంలా తగులుతున్నాయి. గట్టు ఇంకా ఉంది గాని అటూ ఇటూ వంగుతోంది. తోక మొదట్లో స్పాంజి తగ్గింది. మడమ పైన కీలు దగ్గర రెండు పక్కలా వేళ్లు పెట్టి నాడి చూడమని మామునూరు కాలేజీలో చెప్పారు, అది వెతికితే గాని దొరకట్లేదు. బలంగా కొట్టుకుంటే భయపడాలన్నారు.

పక్కింటాయన ఇంకా "ఎండబెట్టావు" అంటున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని చుక్క పక్కటెముకల మీద పెట్టించాను. కాసేపు తడిమి, "ఇక్కడ మాంసం బాగానే ఉంది" అన్నాడు.

ఇక ఇక్కడే ఆపాలా, ఇంకా తగ్గించాలా?

పశువైద్యం_జగిత్యాల
వారానికి ఒకటిన్నర కిలో చొప్పున తగ్గింది, చాలా బాగా చేశారు. ఇంకో నాలుగు వారాలు ఇదే మేత కొనసాగించండి. గట్టు మెత్తబడి, పక్కటెముకలు ఇట్లాగే తగిలితే మేత మెల్లగా పెంచి బరువు నిలబెడదాం. ఆ లోపు ఇన్సులిన్ పరీక్ష ఒకసారి చేయించండి.

నాడాలపని
శుక్రవారం హన్మకొండ వైపు వస్తున్నా అక్కా. కొత్తగా పెరిగిన గిట్టలో వలయాలు ఎట్లా ఉన్నయో చూస్తా. నిలబడే చోటు పొడిగా ఉంచు.